కింద పెట్టిన కప్పు

అన్యాయం ఎవరికి జరిగింది? లారీ డ్రైవర్ సలామేకు జరిగింది. ఎలా జరిగింది? బ్రేకులు పట్టడం లేదని చెప్పినా వినకుండా, రాళ్ళ లోడుతో లోయలోకి దిగమన్నారు. దిగాడు, పోయాడు. అంతటితో ఆగి ఉంటే ఊరు దాన్ని దుర్మరణమని ఊరుకునేది. సమాధి మీద మట్టి ఆరకముందే క్వారీ యజమాని నాయెఫ్, వాడు తాగి నడిపాడని అన్నాడు. చనిపోయినవాడు లేచి వచ్చి కాదనలేడు గనుక ఆ మాట ఇంటింటా చాప వేసుకుని కూర్చుంది. కాబట్టి అన్యాయం రెండుసార్లు జరిగింది. రెండోసారి జరిగింది సలామే పేరుకు, ఆ పేరు మోస్తూ పెరగవలసిన అతని పసికూతురికి, ఆ పేరుతోనే ఊరు పిలిచే అతని తల్లికి.

అరబ్బు దేశంలో కరక్ ఎత్తుగడ్డ మీది ఆ క్రైస్తవ ఊళ్ళో కొడుకు పుట్టిన నాటినుంచి ఆడదానికి సొంత పేరు మిగలదు. వర్దెను అందరూ ‘సలామే తల్లీ’ అనే పిలుస్తారు. కొడుకు పోయాక కూడా అలాగే పిలుస్తున్నారు.

శుక్రవారం ఎండపొద్దున ఆమె వాకిట్లో కూర్చుని సోంపులో మట్టిబెడ్డలు ఏరుతోంది. ఆదివారం సలామే నలభయ్యో దినపు పూజ. పూజ ముగిశాక చనిపోయినవాడి పేరున గుడి గుమ్మంలో రొట్టెలు పంచాలి. ఆ రొట్టెల్లోకి ఈ సోంపు. పక్కన కోడలు హైఫా పిండి జల్లిస్తోంది. సాయానికి వచ్చిన ఇద్దరు పొరుగు ఆడవాళ్ళు సాయం కంటే ఎక్కువ మాటలు తెచ్చారు. అంతలో వర్దె తోడికోడలు ఫర్హా గేటు తోసుకుని వచ్చింది. ఆమె భర్త ముఫ్లిహ్ ఆ వంశానికి పెద్ద. ఎప్పుడో కాలం చేసిన వర్దె భర్త యాకూబ్‌కు అన్న.

“ఆదివారం పూజ కాగానే పెద్దమనుషులు రాయబారం వస్తున్నారే, సలామే తల్లీ,” అంది ఫర్హా, చెప్పులు విప్పకుండానే. “షేక్ తుర్కీ స్వయంగా నడిపించుకు వస్తాడట. కూర్చోవడం మా చావడిలో.”

“ఎందుకు?”

“ఎందుకేమిటి, రాజీకి. నాయెఫ్ పెద్ద మనసు చేసుకున్నాడు. అంత లారీ తునాతునకలైనా మీ ఇంటి మీద ఏ పట్టింపూ పెట్టుకోనన్నాడు. క్షమిస్తాడట.”

వర్దె వేళ్ళు సోంపులో ఆగిపోయాయి. “ఎవర్ని?”

“మిమ్మల్నే. ఇంకెవర్ని?”

హైఫా జల్లెడ ఆడించడం మానింది. చివరి పిండి రేణువులు పళ్ళెంలోకి రాలిన తరువాత కూడా ఆమె చేతులు జల్లెడను గాలిలోనే పట్టుకుని ఉన్నాయి.

“నువ్వూ రా,” అని ఫర్హా గొంతు మార్చింది. “ఆడవాళ్ళం లోపలి గదిలో కూర్చుందాం. నీకు టీ పెడతాలే. మా ఇంటి కాఫీ నీ కడుపుకు పడదు కదా.”

పొరుగావిడ కిసుక్కుమంది. “ఎన్నేళ్ళయినా పడదా ఆ కడుపుకు? మా ఇంట్లో అయితే రెండు కప్పులు తాగి మూడోది అడుగుతుంది!”

“పెద్దింటి కాఫీ కదమ్మా, చిక్కన,” అంది ఇంకొకావిడ. “బీదకడుపు ఓర్చుకోలేదు.”

అందరూ నవ్వారు. వర్దె కూడా పెదవి కదిపింది. తరువాత మళ్ళీ తల వంచి ఒక బెడ్డను ఏరి, వేళ్ళ మధ్య నలిపి, గోడకేసి విసిరింది.

*

ఆ సాయంత్రమే ఆమె ముఫ్లిహ్ చావడికి వెళ్ళింది. వేరే మగవాళ్ళెవరూ లేరు. పొయ్యి ముందు అతనొక్కడే కూర్చుని పొడుగు పిడి పెనంలో కాఫీ గింజలు వేయిస్తున్నాడు. గింజలు పచ్చదనం పోయి పొడిబారి, అప్పుడప్పుడే గోధుమరంగుకు తిరుగుతున్నాయి. ఆమెను చూసి ఇనుప గరిటెతో చాప చూపించాడు. నిప్పు పక్కన వెచ్చగా ఉన్న కూజా ఎత్తి, పిడిలేని చిన్న కప్పులో అడుగున ఒక గుక్కెడు పోసి అందించాడు. ఆమె కుడిచేత్తో అందుకుంది. అందుకుని, ఎప్పటిలాగే, చాప మీద పెట్టింది.

ఆ దేశంలో ఒక పద్ధతి ఉంది. కోరిక పట్టుకుని వచ్చిన అతిథి ఇచ్చిన కాఫీ అందుకుంటాడు కాని తాగడు, కింద పెడతాడు. ‘నీ కోరిక తీరింది, తాగు’ అని ఇంటివాడు అన్న తరువాతే ఎత్తుతాడు. అనకముందు తాగాడా, కోరిక వదులుకున్నట్టే. కోర్టులో సంతకం పెట్టినవాడికైనా మాట మార్చే వీలుంటుంది కాని, కాఫీ మింగినవాడికి ఉండదు.

“నాయెఫ్ మనల్ని క్షమిస్తాడట, బావగారూ.”

“విన్నాను.”

“ఒప్పుకోనని చెప్పండి.”

ముఫ్లిహ్ పెనం ఊపాడు. గింజలు గలగలమన్నాయి. “చెప్పలేను.”

“లారీ నా గేటు ముందు ఆగినప్పుడు రొట్టె అందించింది నేను. బ్రేకు తొక్కితే కాలు నేలకు తగులుతోందమ్మా అని వాడు నాతో అన్నాడు. వెనక జీపులో నాయెఫ్ వచ్చాడు. వాడితోనూ అదే మాట అన్నాడు. నాయెఫ్ ఏమన్నాడో చెప్పనా? ‘సిలువ గీసుకుని పోరా, దేవుడు చూసుకుంటాడు’ అన్నాడు. నవ్వుతూ అన్నాడు. ఈ చెవులతో విన్నాను.”

“నాకు చెప్పావుగా.”

“మరి?”

“ఆ సంగతి అడగడానికే వాళ్ళింటికి వెళ్ళాను, సలామే తల్లీ. నిజం ఒప్పుకోమని అడగడానికే.” అతని చూపు గింజల మీదనే ఉంది. “గుమ్మంలోనే నాయెఫ్ తండ్రి ఎదురొచ్చి మెడ పట్టుకుని ఏడ్చాడు. నాకూ ఏడుపొచ్చింది. పైకి ఎక్కి వచ్చానేమో, గొంతు ఎండిపోయింది. ఎవడో కప్పు చేతిలో పెట్టాడు…”

అతను ఆగాడు.

“తాగేశాను,” అన్నాడు. “మాట ఎత్తకముందే. కప్పు పెదవి దిగాక తెలిసింది నాకు. నాయెఫ్‌కు నాకంటే ముందే తెలిసింది. ‘అల్‌హమ్దులిల్లా, దేవుడి దయ, పెద్దాయన మన కాఫీ తాగాడు’ అని అందరికీ వినబడేట్టు అన్నాడు.”

వర్దె ఆ ముసలి చేతిని చూసింది. ఎందరెందరి పగలనో ఆ చేయి కప్పులు అందించి చల్లార్చింది. ఎదుటివాడు తాగుతాడా, కింద పెడతాడా అని జీవితమంతా కాచుకున్న మనిషి, తన వంతు వచ్చేసరికి అలవాటు చొప్పున మింగేశాడు.

“పెళ్ళిలో తుపాకీ పేల్చింది మీరు,” అంది ఆమె, గొంతు పెంచకుండా. “గుండు తగిలి పెళ్ళికొచ్చిన పక్క ఊరి గస్సాన్ చచ్చిపోయాడు. పెద్దకొడుకు ఊరు విడిస్తే ఈ చావడి మూతపడుతుందని మామగారు కాళ్ళు పట్టుకుంటే, నా మొగుడు ఆ తుపాకీ నాది అన్నాడు. ఊరు వెళ్ళగొట్టింది మమ్మల్ని. ఏడేళ్ళు మృతసముద్రం పక్కన ఆ పల్లంలో, ఆ వేడిలో టమాటా తోటల్లో కూలి చేశాం. నా మొదటి బిడ్డ ఆ ఉప్పునేలలోనే ఉంది. ఇప్పుడు మీరు కాఫీ తాగినందుకు నా కొడుకు తాగుబోతు అవ్వాలి. ఇంకా ఎంతమంది కావాలి, బావగారూ, మీ తప్పులు మొయ్యడానికి?”

“యాకూబ్ సంగతి ఎత్తకు.”

“ఎత్తను. ఎప్పుడైనా ఎత్తానా? కప్పు కింద పెడుతూ వచ్చాను. అంతే.”

పెనంలో గింజలు నల్లబడి పొగ వస్తోంది. ముఫ్లిహ్ దాన్ని నిప్పు మీదినుంచి తీయలేదు. ఆమె లేచి గడప దాటిన తరువాత మాడిన కాఫీ వాసన వీధి మలుపు దాకా వెంట వచ్చింది.

*

శనివారానికి ముట్టడి పూర్తయింది. నీళ్ళ ట్యాంకర్ వాడు ఆమె గేటు ముందు హారన్ కొట్టకుండా సాగిపోయాడు. వాడి బావమరిది క్వారీలో పని చేస్తాడు. కొట్టు వాడు నూనె సీసా ఇచ్చి, “రేపటితో అంతా సర్దుకుంటుందిలే, సలామే తల్లీ. మొండికి పోకు,” అని చిల్లరతో పాటు నీతి కూడా చేతిలో పెట్టాడు. మధ్యాహ్నం హైఫా అన్న వచ్చి, వాకిట్లో నిలబడే, చెల్లెలు వినేట్టు చెప్పాడు: రేపు రాజీ చెడితే క్వారీలో తన పని పోతుందనీ, అప్పుడు చెల్లెల్ని, మేనకోడల్ని తీసుకుపోక తప్పదనీ, ఆ పైన ఎవరు ఎవరికి ఏమవుతారో తనకు తెలియదనీ.

అతను వెళ్ళాక ఇద్దరూ రొట్టెలకు కూర్చున్నారు. పొంగిన పిండిని వర్దె బిళ్ళలుగా తట్టి చెక్క మీద పరుస్తోంది. హైఫా ఒక్కొక్కదాని మీద సిలువ చెక్కిన ముద్ర అద్దుతోంది. నొక్కు ఎక్కువైతే కాలేటప్పుడు పగులుతుంది. తక్కువైతే సిలువ పొంగులో మాసిపోతుంది. అందుకని ఎవరూ మాట్లాడరు. కాని హైఫా మాట్లాడింది.

“వదిలేద్దాం అత్తా. ఆయన తాగలేదని మనకు తెలుసు. దేవుడికి తెలుసు. చాలదా?”

“దేవుడికి తెలియని రోజు ఎప్పుడుంది? తెలియవలసింది ఊరికి.”

“నీకు భయం లేదా?”

“లేకేం. నా చేతులు చూడు.” వర్దె పిండి అంటిన వేళ్ళు చాచింది. అవి వణుకుతున్నాయి. “బడిలో సిస్టర్ మతిల్ద్ అని ఉండేది. బెత్తం మనిషి. దేవుడు తోడుంటే భయం ఉండదు కదా సిస్టర్ అని ఎవరో అడిగితే, భయపడుతూనే లేచి నిలబడు, తోడు ఉన్నాడో లేడో అప్పుడు చూద్దువు గాని అంది. అప్పుడు అర్థం కాలేదు. ఇప్పుడూ పూర్తిగా కాలేదు. అద్దు, పిండి ఆరిపోతోంది.”

హైఫా ముద్ర అద్దింది. చెయ్యి బరువెక్కి సిలువ లోతుగా దిగింది. ఆ రొట్టెను వర్దె వేరే పెట్టింది.

రొట్టెలు గుడికి చేర్చినప్పుడు, గురువు అబూనా బూలుస్ ఆమెను కిటికీ పక్కన బల్ల మీద కూర్చోబెట్టాడు. మంచివాడే. ఆయన కంఠంలో పొద్దున నుంచి ఇదే మాట చెప్పడానికి కూడబలుక్కున్న జాడ ఉంది.

“క్షమించడం గొప్ప విషయం, అమ్మా. సిలువ మీద ఆయన…”

“క్షమిస్తాను అబూనా,” అంది వర్దె. “ఎవర్ని?”

“నాయెఫ్‌ను.”

“నాయెఫ్ ఏ తప్పూ చేయలేదట కదా. తప్పు నా కొడుకుదట. అయితే నేను నాయెఫ్‌ను క్షమించేది దేనికి? వాడు తప్పు చేశానని ఒక్కసారి అనమనండి. ఆ నోరు మూసుకోకముందే క్షమిస్తాను. తప్పే లేనివాడిని క్షమిస్తే అది వాడిని అవమానించడం కాదూ?”

అబూనా బూలుస్ జపమాల పూసలు రెండు జరిపాడు. “నువ్వు ఒక్కదానివి, అమ్మా. వాళ్ళు ఊరంతా.”

“రేపు రొట్టెలు తినడానికీ ఊరంతా వస్తారు. తింటారు కూడా.”

ఆయన వెళ్ళిపోయిన తరువాత ఆమె అక్కడే కూర్చుంది. గుడి ఖాళీగా ఉంది. ప్రార్థనకు ఆమెకు మాటలు దొరకలేదు. నేర్చిన మాటలన్నీ శుభ్రంగా ఉతికి ఇస్త్రీ చేసినట్టుగా ఉన్నాయి, ఈ పనికి పనికిరావు. చివరికి తోచినట్టే మాట్లాడింది.

“నీ పేరు చెప్పి పంపాడు వాడు నా కొడుకును. నవ్వుతూ చెప్పాడు. నా పిల్లవాడితో పాటు నీ పేరు కూడా ఆ లోయలోనే పడింది. నా సంగతి అలా ఉంచు, నీ సంగతి నువ్వు చూసుకోవద్దూ? రేపు నేను ఆ చావడిలోకి వెళ్తాను. మగవాళ్ళ కూటమిలో ఆడది అడుగుపెట్టని చోటు. ముందు నువ్వు నడు. వెనక నేను వస్తాను. నువ్వు కనబడకపోయినా నడిచావనే అనుకుంటాను.”

కిటికీ మీద పావురం ఒకటి రెక్కలు సర్దుకుంది. ఆమె సిలువ గీసుకుంది. కాని చెయ్యి నొసటి మీద ఒక్క క్షణం ఆగింది, ఆ సైగ మీద నాయెఫ్ నవ్వు ఇంకా అంటుకుని ఉన్నట్టు. తరువాత గట్టిగా, తుడిచినట్టుగా, మళ్ళీ మొదటినుంచి గీసుకుంది.

*

ఆదివారం రొట్టెలు అందరూ తిన్నారు. నాయెఫ్ కూడా ఒకటి అందుకుని ముద్దు పెట్టుకుని, తుంచి, “దేవుడు వాడి ఆత్మను కరుణించు గాక,” అన్నాడు. నల్ల తలగుడ్డ కింద వర్దె ముఖం కదలలేదు.

గంట గడవకముందే చావడి నిండింది. గోడల వెంట పరుపుల మీద ఇరువైపులా మగవాళ్ళు. ఎదుట షేక్ తుర్కీ, తెల్లటి గడ్డం, చేతిలో గాజుపూసల దండ. అతను బదూయిన్ తెగ పెద్ద, ఈ క్రైస్తవ ఊళ్ళకూ ఆ డేరాలకూ మధ్య ఎన్నో తగవులు తీర్చినవాడు. అతని పక్కన నాయెఫ్. ముఫ్లిహ్ పొయ్యి వైపు తన చోట కూర్చున్నాడు. మూలన చెక్కరోలులో కాఫీ దంచుతున్నారు. రోకలి రోలు అంచుకు తగిలి దరువులా మోగుతోంది. లోపలి గదిలో ఆడవాళ్ళ గుసగుసలు.

దంపుడు ఆగింది. కాఫీ పోసినవాడు మొదటి కప్పు షేక్ తుర్కీకి ఇచ్చాడు. అతను అందుకుని చాప మీద పెట్టాడు. ఆ తరువాత రాయబారం వచ్చినవాళ్ళందరూ వరసగా తమ కప్పులు కింద పెట్టారు.

“అబూ ఔదా,” అని షేక్ తుర్కీ ముఫ్లిహ్‌ను పెద్దకొడుకు పేరున పిలిచాడు. “మీ ఇంటి కాఫీ మంచిదని తెలుసు. కాని మాకొక కోరిక ఉంది.”

“కోరండి.”

“రాత ఎవరికీ తప్పదు. కుర్రవాడు పోయాడు. నాయెఫ్ లారీ పోయింది. కుర్రవాడి పొరపాటును ఇతను మనసులో పెట్టుకోడు. మీరూ ఏదీ మనసులో పెట్టుకోకండి. తాగమని అనండి, తాగుతాం, లేస్తాం.”

“పెద్దాయన మొన్ననే మా ఇంట్లో తాగారు,” అన్నాడు నాయెఫ్, చిరునవ్వుతో. “ఇది లాంఛనం. పెద్దల గౌరవం కోసం.”

ముఫ్లిహ్ నోరు తెరిచాడు. అప్పుడే లోపలి గది తెర కదిలింది.

వర్దె తెర పట్టుకుని నిలబడింది. వెనక ఫర్హా ఆమె కొంగు లాగుతూ, “ఎక్కడికే! పిచ్చా నీకు!” అంటోంది. వర్దె కొంగు లాక్కోలేదు. లాగేవాళ్ళను కూడా వెంట తీసుకుపోతున్నదానిలా నడిచింది. కొంగు ఫర్హా చేతిలోంచి జారిపోయింది. మగవాళ్ళు కాళ్ళు ముడుచుకున్నారు. కాఫీ పోసేవాడి ముందు ఆగి ఆమె చెయ్యి చాచింది. వాడు ముఫ్లిహ్ వైపు చూశాడు, ఎటూ తేల్చుకోలేక పోశాడు. ఆమె కప్పు అందుకుని, చావడి మధ్యకు నడిచి, ముఫ్లిహ్ ఎదురుగా చాప మీద కూర్చుంది. కప్పు కింద పెట్టింది.

ఎవరూ నవ్వలేదు.

“నాకూ ఒక కోరిక ఉంది,” అంది.

“ఇది మగవాళ్ళ కూటమి, పిన్నీ,” అన్నాడు నాయెఫ్. “దుఃఖంలో ఉన్నావు, ఎవరూ ఏమీ అనుకోరు. లోపలికి పో.”

“నిన్ను అడగడం లేదు నాయనా. కప్పు ఆయన ముందు పెట్టాను.” ఆమె ముఫ్లిహ్ వైపు తిరిగింది. “నా కొడుకు తాగి నడిపాడని ఈ చావడిలో ఒప్పుకోకండి, బావగారూ. వేరే ఏమీ వద్దు. వాడు రోజూ ఆ లోయ దిగాడు, ఎక్కాడు. ఆ రోజు బ్రేకులు లేవన్నాడు. సిలువ గీసుకుని పోరా, దేవుడు చూసుకుంటాడు అన్నారు. నా గేటు ముందు అన్నారు. రొట్టె ఇంకా నా చేతిలోనే ఉంది.”

“పెద్దాయన తాగాడు,” అన్నాడు నాయెఫ్, ఈసారి చిరునవ్వు లేకుండా. “వంశపు పెద్ద. ఆయన తాగితే వంశం తాగినట్టు. ఆ తరువాత ఎవరు కప్పు ఎక్కడ పెట్టుకుంటే ఏమిటి?”

షేక్ తుర్కీ అయిష్టంగా తల ఊపాడు. “పద్ధతి అదే. అబూ ఔదా, నువ్వే చెప్పాలి.”

అందరూ ముఫ్లిహ్‌ను చూశారు. అతను మాత్రం వర్దె ముందున్న కప్పును చూస్తున్నాడు. ఎన్నేళ్ళుగానో ఆ చాప మీదనే, పండుగలకూ చావులకూ, ఆ కప్పు ఆ చోటనే నిండుగా ఆగి చల్లారిపోవడం అతను చూశాడు. ఇల్లంతా నవ్వింది. అతనొక్కడు ఎప్పుడూ నవ్వలేదు.

అతను చేతులు పైకెత్తి తలగుడ్డ మీది నల్లతాడు తీశాడు. తీసి కప్పు పక్కన చాప మీద పెట్టాడు. మగవాడు ఆ తాడు దింపితే తన పరువు దింపినట్టు.

“వంశపు పెద్దగా తాగాను, నిజమే,” అన్నాడు. “ఆ పెద్దరికం నాది కాదు. గస్సాన్‌ను చంపిన గుండు నా తుపాకీలోది. నా తమ్ముడిది కాదు. వాడు నా తప్పు నెత్తిన వేసుకుని పల్లానికి పోయాడు. నేను ఇక్కడ కూర్చుని ఊరికి నీతి చెప్పాను. తన నేరం తమ్ముడికి తగిలించినవాడికి వంశం తరఫున కప్పు ఎత్తే హక్కు లేదు, షేక్ తుర్కీ. నేను తాగింది నా ఒక్కడి గొంతులోకే పోయింది. వంశం తాగలేదు. వర్దె తాగలేదు.”

మొదటిసారి అతను ఆమెను సొంత పేరుతో పిలిచాడు. తెర వెనక ఫర్హా గొంతులోంచి కోసినట్టు ఒక శబ్దం వచ్చింది.

“మీ కాఫీ తాగకండి,” అన్నాడు ముఫ్లిహ్ రాయబారంతో. “ఈ ఇంట మీ కోరిక తీరలేదు.”

వర్దె తాడు లేని అతని తలను చూసింది. సాయం ఎటునుంచైనా వస్తుందని ఆమె చూసింది, ఎదుట చూసింది, పైన చూసింది. ఈ మనిషి వైపు మాత్రం చూడలేదు.

షేక్ తుర్కీ పూసల దండ కింద పెట్టాడు. తరువాత నాయెఫ్ వైపు తిరిగాడు. “ఆ మాట అన్నావా నువ్వు? సిలువ గీసుకుని పొమ్మని?”

“ఎవరనరు ఆ మాట?” నాయెఫ్ చేతులు చాచాడు. “అందరం అంటాం. బండి ఎక్కేవాడితో ఎవరైనా అంటారు. దేవుడి పేరే కదా తలుచుకున్నాను!”

“బ్రేకులు లేవని చెప్పాక అన్నావా, చెప్పకముందు అన్నావా?”

నాయెఫ్ తన ముందున్న కప్పు వైపు చూశాడు. అతని తండ్రి గోడ వైపు ముఖం తిప్పుకున్నాడు. రోలు దగ్గరివాడి చేతిలోంచి రోకలి జారి ఒక్కసారి మోగింది.

“చెప్పాక,” అన్నాడు నాయెఫ్ చివరికి. “రోజూ ఏదో ఒకటి చెబుతారు ఈ డ్రైవర్లు.”

“అయితే నన్ను అబద్ధానికి పెద్దను చేసి నడిపించుకొచ్చావు.” షేక్ తుర్కీ లేచాడు. లేస్తూ తన కప్పును చాప మీదే వదిలేశాడు. గుమ్మం దగ్గర ఆగి, వెనక్కి తిరగకుండా, “కుర్రవాడు తాగలేదు,” అని వీధిలో నిలబడ్డవాళ్ళకు వినబడేట్టు అన్నాడు. మిగిలినవాళ్ళు ఒక్కొక్కరే లేచారు. చావడి నిండా తాగని కప్పులు మిగిలాయి.

వర్దె అక్కడే కూర్చుని ఏడ్చింది. కొడుకును సమాధిలో దించినప్పుడు కూడా అంత ఏడవలేదు. నిజం గెలిచిందని ఏడ్చిందనుకున్నారు చూసినవాళ్ళు. నిజం గెలిచినా వాడు ఇంటికి రాడని ఆమెకు ఆ క్షణంలోనే తెలిసింది.

*

సోమవారం పొద్దున చావడికి ఎవరూ రాలేదు. ఊరు అటువైపు నుంచి నడవడం కూడా మానేసింది. కన్నకొడుకు ఔదా తండ్రితో మాట్లాడలేదని, ఫర్హా తలుపు వేసుకుందని పొరుగావిడ చెప్పింది. అందులో జాలి ఎంతో, రుచి ఎంతో చెప్పడం కష్టం. హైఫా అన్నను క్వారీకి రావద్దన్నారు. అతను మళ్ళీ వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. హైఫా పిల్లను చంకనేసుకుని గుమ్మంలోకి వచ్చింది.

“ఇది సలామే కూతురు,” అంది. “ఇక్కడే ఉంటుంది. నువ్వు రొట్టె తిని వెళ్ళు.”

ఆమె చేతిలో పెట్టింది సిలువ లోతుగా దిగిన ఆ రొట్టె. కాలినప్పుడు పగిలింది, అయినా అది రొట్టే.

వర్దె చావడికి నడిచింది. ముఫ్లిహ్ పొయ్యి ముందు ఉన్నాడు. తల మీద తాడు లేదు, ఉత్త గుడ్డ. గుమ్మం పక్కన చుట్టిన పరుపు, ఒక సంచి. గస్సాన్ తల్లి పక్క ఊళ్ళో ఇంకా బతికే ఉంది. ముందు ఆమె గుమ్మం. ఆ తరువాత ఆమె ఏం చెబితే అది, పల్లమైతే పల్లం.

గింజలు వేయించాడు. ఈసారి కన్ను తిప్పలేదు. గోధుమరంగు దాటి నూనె చెమర్చగానే దింపాడు. చల్లారనిచ్చాడు. రోలులో వేసి తనే దంచాడు. ముసలి చేతికి దరువు సరిగ్గా పడలేదు, అయినా ఆపలేదు. ఏలకులు వేశాడు. కూజాలో మరిగించి, దింపి, మళ్ళీ మరిగించి, మడ్డి దిగేదాకా కూర్చున్నాడు. తరువాత కూజా ఎడమచేత పట్టుకుని, కుడిచేత కప్పు పట్టుకుని లేచాడు. షేకులకు తప్ప ఎవరికీ తను నిలబడి పోయని మనిషి, ఆమె ఎదుట నిలబడి, వంగి పోశాడు.

“ఇన్నేళ్ళూ నువ్వు కింద పెట్టిన ప్రతి కప్పూ నేను చూశాను, వర్దె.”

“చూశారని తెలుసు, బావగారూ.”

“ఇప్పుడు నీ కోరిక తీరిందా అని అడగడానికి నాకు నోరు లేదు.”

ఆమె కప్పు అందుకుంది. ఆమె చెయ్యి చాప వైపు దిగబోవడం, అంత పాత అలవాటు కావడం వల్ల, ఇద్దరూ చూశారు. మధ్యలో ఆగింది. ఆమె దాన్ని పెదవికి ఎత్తింది.

చేదు. మామగారి కాలంనాటి అదే చేదు. ఉప్పునేలలో పడుకున్న మొదటి బిడ్డ, యాకూబ్ ఎండిన చేతులు, లోయలో తలకిందులైన లారీ, అన్నీ ఆ ఒక్క గుక్కలో దిగాయి. అడుగున మడ్డి నాలుకకు తగిలేదాకా తాగింది. ఏదీ మిగల్చలేదు.

కూజా పట్టుకున్న చెయ్యి మళ్ళీ పోయడానికి కొంచెం వంగింది. వర్దె ఖాళీ కప్పును రెండు వేళ్ళతో పట్టుకుని, ఇక వద్దన్న గుర్తుగా అటూ ఇటూ ఊపి, అతనికి తిరిగి ఇచ్చింది.

“చాలు,” అంది. “తీరింది.”